పసుపుబొట్టు అంగడి

కర్నూలు నుంచి కల్లూరికి షేర్ ఆటో ఎక్కితే పట్టుమని పావుగంట ప్రయాణం లేదు. అయినా రామసుబ్బయ్య ఆ దారి మొహం చూసి ఏళ్లు గడిచిపోయాయి. కల్లూరులో పెళ్లి అంటే మోకాళ్ల నొప్పులంటాడు, కర్మాంతరమంటే బీపీ అంటాడు. సొంత చెల్లెలి మనవడి నామకరణానికి కూడా భార్య వెంకటలక్ష్మమ్మను ఒక్కదాన్నే ఆటో ఎక్కించి తను గడప దాటలేదు. మోకాళ్లకు ఏ రోగమూ లేదు, పొద్దున్నే పూలబజారు దాకా నడిచి వస్తాడు. కల్లూరులో ఒక ఇల్లుంది. ఆ ఇంటి అరుగు మీద నిలబడి ఆయన ఒకసారి నోరు జారాడు. జారాడనడం కూడా నేను మొహమాటపడి అంటున్న మాటే. నిలబడి, తీరిగ్గా, ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆ మనిషిని చెప్పాలి.

రామసుబ్బయ్య బట్టల అంగడి గద్దె మీద పెరిగిన మనిషి. తండ్రి పోయాక ఆ గద్దె మీదే కూర్చున్నాడు, అక్కడే జుట్టు నెరిసింది. గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడంటే అది ఏ ఊరి మగ్గం మీద నేసిందో చెప్పేవాడు. ఎదురుగా ఆడమనిషి వస్తే ఆయన కళ్లు ముందు చీర అంచు మీదికి పోతాయి, మనిషి ముఖం ఆ తర్వాతే. అందులో చెడ్డచూపు ఏమీ లేదు, పాపం. పెళ్లయిన కొత్తలో వెంకటలక్ష్మమ్మతో ఆయన మాట్లాడిన మొదటి మాట, "ఈ జరీ ఎవరు అంటగట్టినారు మీవాళ్లకు?" అని. ఆ పిల్ల రాత్రంతా ఏడ్చిందని వాళ్ల బంధువులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. గుడ్డను చూసినంత శ్రద్ధగా మనిషిని చూడకపోవడం అప్పట్లో నవ్వుకోవడానికి పనికొచ్చింది.

కొడుకు తేజేశ్వర్ చేతికి అంగడి వచ్చాక గద్దె పోయి గాజు తలుపులొచ్చాయి, చీర కట్టిన బొమ్మలొచ్చాయి. పెద్దాయన కూర్చోవడానికి పరుపు లేదు. ఒక మూల ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నాలుగు రోజులు కూర్చుని, అయిదో రోజు ఇంట్లో ఉండిపోయాడు. ఇంట్లో తోచుబడి కాక వీధిలోకి చూస్తూ కూర్చుంటే, స్టీలు సామాన్లమ్మే ఆమె వచ్చి వెంకటలక్ష్మమ్మ దగ్గర మూట నిండా చీరలు తీసుకుని ఒక గిన్నె చేతిలో పెట్టి పోవడం కనబడింది. అందులో చిరుగు లేని గద్వాల చీర కూడా ఉంది. ఆయన ప్రాణం ఉసూరుమంది.

అట్లా పుట్టింది ఆ అంగడి. వాళ్ల కులసంఘం సత్రంలో సందు వైపు ఒక గది ఖాళీగా ఉండేది. రామసుబ్బయ్య సంఘం పెద్దలను ఒప్పించి దాన్ని తీసుకున్నాడు. కలిగిన ఇళ్లలో వాడకుండా మూలబెట్టిన బట్టలు అడిగి తెచ్చేది, బాగుచేసి తక్కువ ధరకు అమ్మేది. వచ్చినదాంతో పెద్దాసుపత్రిలో రోగుల వెంట వచ్చి చెట్ల కింద పడుకునేవాళ్లకు మధ్యాహ్నం అన్నం పెట్టేది. ఊరికే పంచొచ్చు కదా అని సంఘం సెక్రటరీ సుందరం అడిగితే, "ఊరికే ఇస్తే నోరు మూసుకుని పోతారప్పా. కొంటే, రంగు బాగలేదు ఇంకొకటి తియ్యి అంటారు. ఆ మాట అనడానికైనా వాళ్లకు ఒక అంగడి ఉండాల" అన్నాడు.

ఆ మాట ఆయన మనసులోంచి వచ్చిందే, ఇందులో నాకు అనుమానం లేదు. చిరిగినవి ఎవరైనా తెస్తే వాళ్ల ముందే వెనక్కి తోసేవాడు. మంచివాటిని చాకలి ఓబన్న ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చేవాడు. రామసుబ్బయ్య నేల మీద పరుపు పరిచి, తెల్లదుప్పటి వేసి, పక్కన ఇత్తడి గిన్నెలో తడిపిన పసుపు పెట్టుకుని కూర్చునేవాడు. ఏ చీర అమ్ముడుపోయినా, కొత్త గుడ్డకు పెట్టినట్టే కొనకు పసుపుబొట్టు పెట్టి, కొడుకు అంగడి పేరున్న కొత్త కవరులో వేసి చేతికిచ్చేవాడు. "పసుపు తగిలిందంటే అది కొత్తదే" అనేవాడు. జనం దాన్ని పసుపుబొట్టు అంగడి అన్నారు. కొన్నవాళ్ల పేర్లు ఎక్కడా రాసేవాడు కాదు. రాస్తే ఎవరి కంటనైనా పడుతుందని భయం.

ఒకనాడు ఆ సందులోకి సిద్దమ్మ వచ్చింది.

సిద్దమ్మవాళ్లది కోడుమూరు దగ్గర పల్లె. ఆమె పెళ్లిబట్టలకు ట్రాక్టరు నిండా జనం వచ్చి రామసుబ్బయ్య గద్దె మీద పొద్దుగూకేదాకా కూర్చున్నారు. అందరికీ గోళీసోడాలు తెప్పించింది ఆయనే. ఆ తర్వాత వరసగా వానలు లేవు. బోరు మీద బోరు వేసి, భూమి అమ్మి, చివరికి ఆమె భర్త నరసింహ కల్లూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కాపలా పనికి కుదిరాడు. కూతురు శివాని ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆ స్కూల్లో చీర కట్టుకునే రావాలట, కట్టిందే కడితే పిల్లలు నవ్వుతారట.

సిద్దమ్మ తల మీది కొంగు ముఖం దాకా లాక్కుని గుమ్మంలో నిలబడింది. ఆయన గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడని ఆమెకూ తెలిసింది. ఇద్దరూ తెలియనట్టే ఉన్నారు. "రా అమ్మా, కూచో. ఏం తియ్యమంటావు?" అని పరుపు చూపించి, ఆనాడు పెళ్లిచీరలు పరిచినట్టే ఒక్కొక్క మడతా విప్పి పరిచాడు. ఆమె రెండు పక్కన పెట్టింది. ఒకటి రంగు బాగలేదంది. లేచేటప్పుడు మాత్రం ఒకసారి సందు వైపు చూసింది.

"శెట్టీ, ఈ సంగతి..."

ఆయన పరుపు మీద చెయ్యేసి, "ఈ గద్దె మీద చెప్తాండా రెడ్డెమ్మా. ఈడ కొన్న చీర సంగతి నా నోట్లోంచి బయటికి రాదు" అన్నాడు.

ఆ తర్వాత ఆమె తరచుగా వచ్చేది. కవరు మీద పేరు చూసి ఇరుగుపొరుగు అడిగితే, "మాకు పుట్టినకాడి నుంచి ఆ శెట్టి అంగడే" అనేదట. అందులో అబద్ధం కూడా లేదు. వెంకటలక్ష్మమ్మ ఒకసారి తన ధర్మవరం పట్టుచీర, వంకాయరంగుది, మామిడిపిందెల అంచుది, తనకు నప్పడం లేదని తీసి ఇచ్చింది. రామసుబ్బయ్య దాన్ని పరుపు మీద పెట్టనే లేదు. సిద్దమ్మ కోసమని దాచి, ఆమె వచ్చినప్పుడు నామమాత్రం ధరకు ఇచ్చి, బొట్టు కాస్త పెద్దదిగా పెట్టాడు. ఆ రోజంతా ఆయన మనసు చల్లగా ఉండింది.

ఇంక ఇన్సూరెన్సు సంగతి. ఏజెంటు ప్రకాశం తేజేశ్వర్ అంగడికి పాలసీ రెన్యువల్ చేయించడానికి వచ్చి, పెద్దాయనను పలకరిద్దామని సందులోకి వచ్చాడు. గోడ మీద పాత మీటరు బోర్డు, దాని కిందే గుట్టలుగా బట్టలు. అతను ఆ బోర్డు వైపు వేలు చూపించాడు.

"పెద్దాయనా, దీనికీ ఒక పాలసీ తీసుకోండి. నిప్పు పడిందంటే అంతా పోయినట్టే."

"తీసుకుందాం. నువ్వు చెయ్యి."

"సరుకు ఎంతకు కొన్నారు?"

"కొనలేదప్పా. ఇచ్చినారు."

ప్రకాశం పెన్ను తల మీద గీక్కున్నాడు. "ఊరికే వచ్చిన సరుకు కాలితే ఏం పోయినట్టు?"

"ఆసుపత్రికాడ అన్నం పోయినట్టు" అన్నాడు రామసుబ్బయ్య.

ప్రకాశానికి ఆ జవాబు నచ్చింది. అమ్మే ధరను బట్టి సరుకుకు విలువ కట్టి, పైవాళ్లతో మాట్లాడి ఒప్పించుకొచ్చాడు. సంఘం మీటింగులో మాత్రం సుందరం పడీపడీ నవ్వాడు. "పాత గుడ్డలకు ఇన్సూరెన్సా! ఇంక పాత చెప్పులకు కూడా చేపిద్దాం పెద్దాయనా." అందరూ నవ్వారు. రామసుబ్బయ్య నవ్వలేదు. పాత గుడ్డలన్న మాట ముల్లై లోపలే ఉండిపోయింది. పంతానికి పోయి ప్రీమియం కట్టించాడు.

రెండు వేల ఆరులో, ఆషాఢమాసం ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆ మీటరు బోర్డులోనే మంట లేచింది. సత్రం తలుపులు బిగించి ఉన్నాయి. ఫైరింజను సందులోకి పట్టక గొట్టాలు లాగేసరికి అంతా అయిపోయింది. పరుపు బూడిదైంది. పసుపు గిన్నె నల్లబడి ఒక మూల దొరికింది. సొంత అంగడి కాలినా రామసుబ్బయ్య అంత కుంగిపోయేవాడు కాడేమో. ఆసుపత్రి దగ్గర అన్నం ఆగిపోయింది. సుందరం వచ్చి ఓదారుస్తూనే, "ఇంక మూసేద్దాం లే పెద్దాయనా, మీ ఇన్సూరెన్సువాళ్లు పాత గుడ్డలకు ఇస్తారా పాడా" అన్నాడు. ఆ నిమిషం నుంచి ఆయనకు ఒకటే పట్టుదల. క్లెయిము రావాలి, అంగడి తెరవాలి, సుందరం నోరు మూతపడాలి. ఈ మూడింటిలో ఏది ముందో ఆయనకే తెలియదు.

నష్టం లెక్కకట్టడానికి కడప నుంచి సర్వేయరు వచ్చాడు. రాజశేఖర్ అని, నెమ్మదస్తుడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పుల్లతో బూడిద కదిలించి చూశాడు.

"సార్, తప్పుగా అనుకోకండి. కొత్త సరుకైతే బిల్లులుంటాయి. పాత బట్టలకు నేనేం విలువ కట్టాలి? కిలోల లెక్కన తప్ప నాకు దారి కనపడటం లేదు."

"కిలోల లెక్కనా?" అన్నాడు రామసుబ్బయ్య. ధర్మవరాలు, గద్వాలలు, వెంకటగిరులు. చిత్తుకాగితాల తక్కెడలో!

"కొన్నవాళ్ల పేర్లు రాసుకున్నారా పోనీ? ఏ రకం బట్ట, ఎంతకు పోయేదో వాళ్లు చెప్తే నేను రాసుకుంటా."

రామసుబ్బయ్య ఎందుకు రాయలేదో చెప్పాడు. రాజశేఖర్ పుల్ల పక్కన పారేసి ఆయన వైపు గౌరవంగా చూశాడు. "మంచి పనే సార్. కానీ రిపోర్టులో నేను ఏదో ఒకటి చూపించాల కదా."

సందు మొదట్లో పూలమ్మే సోమక్క అంతసేపూ వింటూనే ఉంది. బుట్ట దించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "నన్ను రాసుకో సారూ. నా ఒంటి మీదిది ఈడిదే. నా కూతురు కట్టేది ఈడిదే, నా మొగుని అంగీ ఈడిదే. ఏం, దొంగతనం చేసినామా? కొనుక్కున్నాం." రాజశేఖర్ నవ్వి, అడిగి, రాసుకున్నాడు.

కథ ఇక్కడ అయిపోవాల్సింది. సోమక్క తనంతట తాను చెప్పింది, ఎవరి పరువూ పోలేదు. కానీ రాజశేఖర్ రాసుకుంటూ రాసుకుంటూ ఆమె చీర వైపు ఒకసారి చూశాడు. పూలనీళ్లకు వెలిసిపోయి, అంచు దారాలు లేచిన చీర అది. ఆ చూపులో రామసుబ్బయ్యకు సుందరం నవ్వు వినబడింది. యాభై ఏళ్ల బట్టల వ్యాపారం ఒంట్లో కుతకుతలాడింది. "ఇది శానా రోజుల కిందటిది సార్. మా సరుకు ఎట్లుంటాదో మేలురకం చూపిస్తా, రాండి" అని సర్వేయరు కారులో ఎక్కి కూర్చున్నాడు.

దారిలో ఆయనకు ఒకసారి తట్టింది, ముందు తనొక్కడే పోయి ఆమెను అడగాలి కదా అని. కారు బయల్దేరనే బయల్దేరింది, మనిషి కడపకు తిరిగి పోవాల, మళ్లీ దొరుకుతాడో లేదో అని సర్దిచెప్పుకున్నాడు. ఆ రోజు వరలక్ష్మీ వ్రతమన్న సంగతి కూడా గుర్తు రాలేదు. పొద్దున ఇంట్లో నెయ్యి వేసుకుని ఓళిగలు తిని వచ్చిన మనిషికి!

కల్లూరులో ఆ ఇంట్లో అప్పుడు పేరంటం జరుగుతోంది. చాపల మీద వాడకట్టు ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. పళ్లేలలో నానబెట్టిన శనగలు, ఆకులు, వక్కలు. సిద్దమ్మ వంగి ఒక ముసలామె పాదాలకు పసుపు రాస్తోంది. ఒంటి మీద వంకాయరంగు ధర్మవరం. అరుగెక్కిన రామసుబ్బయ్యను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"రా శెట్టీ, రా! అమ్మవారి పండగ పూట వచ్చినావు" అని, చాపల మీది వాళ్ల వైపు తిరిగి, "చెప్తాంటి కదా, నా పెళ్లిబట్టలన్నీ ఈ శెట్టి గద్దె మీదే తీసినాం" అంది. ఆ గర్వం చూసైనా ఆయన నోరు కట్టుబడాల్సింది. ఆయన చూపు చీర అంచు మీద ఉంది.

"సార్, ఇదో, ఈ చీర చూడండి. మా అంగట్లో పోయినదే. ఇది మా ఇంటిదే సార్, మా ఆడామె కట్టుకున్నది. తేజేశ్వర్ పెండ్లికి నేనే ఏరినా. ఆ జరీ చూడండి, యాడన్నా నల్లబడిందా? ఆ మామిడిపిందెలు చూడండి. దీన్ని కిలోల లెక్కన కడతారా మీరు?"

చాప మీద ఒకామె సిద్దమ్మ చీర వైపు చూసి, చప్పున తన ఒళ్లో శనగల వైపు తల దించుకుంది. గుమ్మంలో నిలబడి తాంబూలాలు అందిస్తున్న శివాని పళ్లెం కింద పెట్టి లోపలికి పోయింది. రాజశేఖర్ ఆయన మోచెయ్యి పట్టుకుని, "సార్, చాలు, పోదాం పదండి" అన్నాడు మెల్లగా. ఆ మాటా ఆయనకు ఎక్కలేదు. గెలిచే బేరం మధ్యలో వదిలిపెట్టే అలవాటు లేదు ఆయనకు.

"నువ్వొక మాట చెప్పమ్మా ఈ సారుకు. మన పసుపుబొట్టు అంగట్లో కొన్నావని."

సిద్దమ్మ లేచి నిలబడింది. రెండు చేతులకూ పసుపు. ముఖంలో ఇందాకటి వెలుగు లేదు, కోపం కూడా లేదు. సర్వేయరు వైపు చూసి స్పష్టంగా చెప్పింది. "ఔను సామీ. ఆయన అంగట్లోనే కొన్నా. పాతదే." తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, ఇద్దరికీ ఆకుదొన్నెలలో శనగలు పెట్టి, "పండగ పూట ఊరికే పోకూడదు, తిని పోండి" అంది.

దొన్నె చేతిలో పట్టుకుని రామసుబ్బయ్య మెట్లు దిగాడు. వెనక చాపల మీద గుసగుస మొదలైంది. "శెట్టెమ్మ కట్టి ఇడిసిన చీరంట." అప్పుడు వినబడింది ఆయనకు. ఒక్క ఆ మాటే కాదు, పరుపు మీద చెయ్యేసి తను అన్న మాట కూడా. వెనక్కి తిరిగి చూడాలంటే మెడ తిరగలేదు. శనగలు కారులో దొన్నెతోనే ఉండిపోయాయి. తినలేకపోయాడు, పారేయలేకపోయాడు.

నాలుగు రోజులకు మనసు కూడగట్టుకుని ఒక్కడే ఆటో ఎక్కి కల్లూరు పోయాడు. నరసింహ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "రా అప్పా" అని అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చాడు. "ఆమె ఇంట్లో లేదు శెట్టీ" అన్నాడు. లోపల ఆమె ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినబడుతూనే ఉంది. నరసింహకూ వినబడింది, నేల చూశాడు. రామసుబ్బయ్య నీళ్లు తాగి, "మళ్లా వస్తా" అని లేచాడు. మళ్లీ పోలేదు. ఆ దారి మొహం చూడటం అదే ఆఖరు.

క్లెయిము వచ్చింది. పూర్తిగా కాకపోయినా, గది బాగుచేసి మళ్లీ తెరవడానికి సరిపడా వచ్చింది. సంతకాల పనికి కర్నూలు వచ్చిన రాజశేఖర్ ఆయన పక్కన కూర్చుని టీ తాగుతూ అన్నాడు. "ఆ పూలమ్మే ఆమె చెప్పిందీ, మీ సంఘంవాళ్లు చెప్పిందీ సరిపోయింది సార్. కల్లూరామె సంగతి నేను రిపోర్టులో రాయనే లేదు. అంతమంది ఆడవాళ్ల ముందు... నాకు రాయబుద్ధి కాలేదు."

రామసుబ్బయ్య గ్లాసు కింద పెట్టాడు. అంటే ఆ మాట దేనికీ పనికి రాలేదు. అన్నానికి కాదు, అంగడికి కాదు. మేలురకం చూపించాలన్న తన కుతి తీరడానికి తప్ప ఎందుకూ అక్కర్లేకపోయింది. సర్వేయరుకు, నిన్నకాక మొన్న పరిచయమైనవాడికి, ఉన్న మర్యాద తనకు లేకపోయిందే అని ఆయనకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

దసరాకు ముందు అంగడి తెరిచారు. సుందరం పూలదండ తెచ్చి మెడలో వేసి, "పెద్దాయన ముందుచూపు ముందు మనమెంత!" అని మైకులో పొగిడాడు. ఏ నోరు మూయించాలని అంత తాపత్రయపడ్డాడో ఆ నోరే పొగుడుతుంటే దండ మెడ మీద గీరుకుంటున్నట్టుంది. ఎప్పుడు తీసేయాలా అని చూశాడు. కొత్త పరుపు, కొత్త దుప్పటి, తోమి మెరిపించిన అదే ఇత్తడి గిన్నె. ఊళ్లో ఇళ్ల నుంచి బట్టలు గుట్టలుగా వచ్చాయి. ఓబన్న రాత్రింబగళ్లు ఇస్త్రీ చేశాడు.

కొనేవాళ్లు రాలేదు. పొద్దున తడిపిన పసుపు సాయంత్రానికి గిన్నెలోనే ఎండిపోయేది. సందులోకి వచ్చినవాళ్లు గుమ్మం దాకా వచ్చి, ఆయనను చూసి, దారి తప్పినట్టు తిరిగిపోయేవాళ్లు. ఒకరోజు ఉండబట్టలేక సోమక్కను అడిగాడు.

"ఎందుకొస్తారు సామీ? ఆ అంగట్లో కొంటే శెట్టి ఇంటికొచ్చి నలుగుర్లో చెప్తాడంట అని జనం చెప్పుకుంటాండారు. నాకంటే సిగ్గు లేదు, చెప్తే చెప్పుకోనీలే అనుకుంటా. అందరూ నా మాదిరి ఉంటారా?" అంది ఆమె, పూలు కడుతూనే.

దసరా ఇంక వారం ఉందనగా సిద్దమ్మ వచ్చింది. సందు వైపు తలుపులోంచి కాదు. సత్రం పెద్ద వాకిట్లోంచి, నలుగురూ చూస్తుండగా, కొంగు తల మీద వేసుకోకుండా వచ్చింది. ఒంటి మీద ముతక నూలుచీర, కొత్తది. చేతిలో బరువైన సంచి. పరుపు మీద కూర్చోలేదు, నిలబడే సంచి విప్పి చీరలు ఒక్కొక్కటీ తీసి పెట్టింది. ఇంతకాలం కొన్నవన్నీ. ఉతికి, గంజి పెట్టి, ఆయన పెట్టిన మడత మీదే మడత పెట్టి తెచ్చింది. ప్రతి చీర కొనకూ కొత్తగా తనే పెట్టుకొచ్చిన పసుపుబొట్టు. అన్నిటికన్నా పైన వంకాయరంగు ధర్మవరం.

"అందరి ఇండ్ల నుంచీ బట్టలు తీసుకుంటాండావంట కదా శెట్టీ. ఇవీ తీసుకో. ఒక్కటీ చిరిగింది లేదు, చూసుకో."

"అమ్మా..." రామసుబ్బయ్య లేవబోయి లేవలేకపోయాడు. "తప్పయిపోయిందమ్మా. మాటిచ్చి తప్పినా. నీ కాళ్లు పట్టుకుంటా."

"నీ అంత పెద్దాయన నా కాళ్లు పట్టుకుంటే నాకు పాపం. నువ్వు లేని మాట ఏమన్నా చెప్పినావా? ఉన్నదే కదా." ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "పాప స్కూలు మారింది. ఈడ నూలుచీరైనా సరే అన్నారు. ఇంక మాకు వీటితో పనిలేదు."

గుమ్మం దాకా పోయి ఆగింది.

"ఇవి కొనేవాళ్లకు చెప్పు శెట్టీ, కోడుమూరు సిద్దమ్మ కట్టి ఇడిసినవని. ఎట్లాగూ చెప్తావు. నువ్వే చెప్పు, నా పేరుతోనే చెప్పు."

ఆమె పోయాక ఆయన చెయ్యి తన అలవాటుకొద్దీ పైనున్న చీర కొన అందుకుని వేళ్ల మధ్య నలిపింది. పసుపు ఇంకా తడి ఆరలేదు, బొటనవేలికి అంటుకుంది. ఆ చీరలు పరుపు మీద పెట్టలేడు. ఇంటికి తీసుకుపోతే వెంకటలక్ష్మమ్మకు ఏమని చెప్పాలో తెలియదు. ఆమెకు కల్లూరు సంగతి ఇంతవరకు చెప్పలేదు. వాటిని ఒక బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ పూటకు అంగడి కట్టేసి ఇల్లు చేరాడు.

కాళ్లకు నీళ్లిస్తూ వెంకటలక్ష్మమ్మ ఆయన చెయ్యి చూసింది. ఇన్ని రోజులుగా శుభ్రంగా ఇంటికొస్తున్న చెయ్యి అది.

"అబ్బ, బొటనవేలికి పసుపు! బోణీ అయినట్టుందే ఈ పొద్దు?" అంది సంతోషంగా. "ఏం చీర పోయింది?"

"నీ వంకాయరంగు చీర" అన్నాడు రామసుబ్బయ్య, ఆమె ముఖం వైపు చూడకుండా.

"ఎవరు తీసుకున్నారు?"

ఆయన చెంబు అందుకుని వేలు కడుక్కున్నాడు. పేరు మాత్రం చెప్పలేదు.